రెండుసార్లు తప్పిన విద్యార్థి - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



బడుల్లో వారానికి ఒకసారి నీలం రంగు మాత్ర ఇస్తారని మీకు తెలుసు. సార్ చూస్తున్నంతసేపు నోట్లో పెట్టుకొని, అటు తిరగ్గానే ఉమ్మేసేవాళ్లు కూడా మనలో ఉన్నారు. వాళ్లు ముఖ్యంగా ఇది చదవాలి. ఆ మాత్రలో రెండు ఉంటాయి. ఒకటి ఇనుము. రెండోది ఫోలిక్ ఆసిడ్. ఈ రెండోదాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి చూపిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా? మన తెలుగాయనే. గోదావరి జిల్లాలో పుట్టినవాడు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పినవాడు. ఇల్లు విడిచి పారిపోయినవాడు. అదే మనిషి చేతి కింద, పిల్లల్ని తినేసే రక్త కాన్సర్‌ని మొదటిసారి వెనక్కి తగ్గించిన మందు తయారైంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కథ ఈ సంచికలో చెప్పుకుందాం.

కాశీకి పారిపోయిన పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఇప్పుడది పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఇతను నాలుగోవాడు. తండ్రికి ఒంట్లో బాగుండక ఉద్యోగం ముందే వదులుకోవాల్సి వచ్చింది. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ.

చదువు మీద మనసు నిలవలేదు. డబ్బు సంపాదించాలనే ఆలోచన పట్టుకుంది. పదమూడేళ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకొని బతుకుదామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. పట్టుకొని వెనక్కి తెచ్చారు. తల్లి వదల్లేదు. చదవాల్సిందేనని మళ్లీ బడికి పంపింది.

రాజమండ్రిలో చదువు. అక్కడా నిలకడ లేదు. దగ్గరివాళ్లు జబ్బులతో ఒకరి తర్వాత ఒకరు పోవడం చూస్తున్న ఇల్లు అది. పుస్తకం తెరిస్తే అక్షరాలు తలకెక్కేవి కావు. మెట్రిక్ తప్పాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ తప్పాడు. చివరికి మద్రాసు తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు.

మనలో సెలవులకు గూడేనికి పోయి, తిరిగి బడికి రానివాళ్లు ఉన్నారు. పదో తరగతి ఒకసారి తప్పగానే ఇక మనవల్ల కాదని మేకల వెంట, కూలి వెంట పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లకి తెలివి తక్కువని ఎవరన్నా అంటే ఈ కథ చెప్పండి. మూడోసారి రాయకపోయి ఉంటే సుబ్బారావు పేరు భీమవరం దాటి ఉండేది కాదు.

ఖద్దరు వేసుకున్న వైద్య విద్యార్థి

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదువుతుండగా అతనికి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోకుండా మఠం వాళ్లూ చేర్చుకోలేదు. సేవే చేయాలనుంటే వైద్యం చదివి చేయొచ్చు కదా అన్న ఆలోచన కుదిరింది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజుకి డబ్బు లేదు. స్నేహితులు తలా కొంచెం వేసుకున్నారు. తర్వాత పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకున్నారు. 1919లో శేషగిరిగారితో పెళ్లయింది.

అవి గాంధీగారి పిలుపు విని జనం విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలతోనే వెళ్లారు. శస్త్రచికిత్స నేర్పే ఆంగ్లేయ ప్రొఫెసరుకి అది కంటగింపైంది. పరీక్షల్లో రాతలో బాగా రాసినా, చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు. దానికంటే కింది మెట్టు, ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్య ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే మాస్టారుగా కుదిరారు.

అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బు

ఈ కథలో అసలు ముడి ఇక్కడుంది. శ్రద్ధగా చదవండి.

సుబ్బారావుగారి సోదరులిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. వేడి దేశాల్లో వస్తుంది. విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటికి పట్టదు. నాలుక పుండ్లు పడుతుంది. రక్తం తగ్గిపోయి మనిషి పాలిపోతాడు, ఎండిపోతాడు. అప్పట్లో దానికి ఇంగ్లీషు వైద్యంలో సరైన మందు లేదు. డాక్టరు చదువు చదివినవాడై ఉండి, సొంత అన్నదమ్ములకి ఏమీ చేయలేకపోయారు.

తర్వాత అదే జబ్బు ఆయనకీ వచ్చింది. ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. మందు పనిచేసింది. కానీ ఎలా పనిచేసింది? అందులో ఏ పదార్థం పనిచేసింది? ఆ ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. దానికి జవాబు వెతకాలంటే రసాయనశాస్త్రం కావాలి, మంచి ప్రయోగశాల కావాలి. అవి అమెరికాలో ఉన్నాయని విన్నారు. మామగారు కొంత డబ్బు కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. 1920ల మొదట్లో ఆయన ఓడెక్కి బోస్టన్ నగరం చేరారు. భార్య ఇక్కడే ఉండిపోయింది.

రాత్రి వార్డులో, పగలు ప్రయోగశాలలో

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి వైద్య కళాశాల ఉంది. అక్కడ వేడి దేశాల జబ్బుల చదువులో చేరారు. ఈయన పట్టాతో ఆ దేశంలో డాక్టరుగా పని దొరకలేదు. చేతిలో డబ్బు లేదు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. ఏం పని? రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసి కడిగే పని. మద్రాసులో మాస్టారుగా చేసిన డాక్టరు, అక్కడ అది చేశారు. నామోషీ అనుకోలేదు. పగలు చదువు, రాత్రి పని.

తర్వాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయనశాస్త్రంలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. కొన్ని రసాయనాలు కలిపితే ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది. నీలం ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. దీన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అంటారు. జీవరసాయనశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈ పేరు తెలుసు.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే తర్వాతి మెట్టు ఎక్కగలిగారు. మనం పరుగెత్తినా, బరువెత్తినా కండరాలకి శక్తి ఎక్కడినుంచి వస్తుంది? 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా దీన్ని కనిపెట్టారు. సైన్సు పుస్తకంలో కణం గురించి చదివేటప్పుడు ఏ.టి.పి. శక్తి నాణెం అని బట్టీ పడతాం కదా, అదే ఇది. పుస్తకంలో మాత్రం సుబ్బారావుగారి పేరు సాధారణంగా కనిపించదు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన పని చాలావరకు బయటికి రాలేదు. అదే ప్రయోగశాలలో చదువుకొని, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక సంగతి చెప్పారు. ఫిస్కే అసూయవల్ల సుబ్బారావు కనుక్కున్న కొన్నిటిని వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందనీ ఆయన అభిప్రాయం.

1940లో సుబ్బారావుగారు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ పరిశోధనకి ఆయనే పెద్ద అయ్యారు. ఇక్కణ్ణించి ఆయన జీవితంలో మిగిలింది ఎనిమిదేళ్లు. మందులు చేసినదంతా ఆ ఎనిమిదేళ్లలోనే.

ఆకులో దాగిన మందు

రక్తహీనతకి మందు కోసం ఎప్పటినుంచో వెతుకులాట ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గుడ్డల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్ని పరీక్షించింది. వాళ్లకి ఈస్ట్ సారం తినిపిస్తే రక్తం పడుతోందని 1931లో రాసింది. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర లాంటి ఆకు తెచ్చి, పిండి, వడగట్టి, ఆ పదార్థాన్ని రవ్వంత తీయగలిగారు. లాటిన్ భాషలో ఆకుకి ఉన్న మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు.

నాలుగు టన్నులకి రవ్వంత వస్తే ఎంతమందికి ఇస్తాం? ఎవరికి ఇస్తాం? అందుకే దాన్ని ఆకు అవసరం లేకుండా రసాయనాలతో తయారుచేయాలి. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని సాధించింది. అప్పటినుంచి ఫోలిక్ ఆసిడ్ కిలోల లెక్కన వచ్చింది. ఇవాళ గర్భిణులకి, పిల్లలకి, మన గిరిజన గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు ఇస్తున్న చవకైన మాత్ర అదే. మన వైపు పండే శనగల్లో, పెసల్లో, ఆకుకూరల్లో కూడా అది ఉంటుంది. హాస్టల్లో ఆకుకూర పప్పు పక్కకి నెట్టేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ ముడి విప్పుదాం. ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకి ఇవాళ డాక్టర్లు ఇచ్చే మందులు రెండు. ఒకటి ఫోలిక్ ఆసిడ్. రెండోది టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి డగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త తీశారు. అది కూడా సుబ్బారావుగారి కింద నడిచిన ప్రయోగశాలలోనే, 1948లో లోకానికి తెలిసింది. అంటే సోదరులు పోయిన పాతికేళ్లకి, ఆ జబ్బుకి కావలసిన రెండు మందులూ ఆయన కొట్టంలోనుంచే బయటికి వచ్చాయి. వాళ్లకి అందలేదు. మిగతా లోకానికి అందాయి.

రోగం తెచ్చే రసాయనం, రోగం తగ్గించే రసాయనం

కాన్సర్‌ని మన పెద్దవాళ్లు రాచపుండు అనేవాళ్లు. ఒంట్లో కణాలు అదుపు తప్పి పెరిగిపోవడమే ఆ జబ్బు. కొన్ని రసాయనాలు దాన్ని తెస్తాయని మొదట పసిగట్టింది 1775లో పాట్ అనే ఇంగ్లీషు డాక్టరు. పొగగొట్టాలు తుడిచే పనివాళ్లకి మసి వల్ల పుండు పడుతోందని ఆయన గమనించాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవులకి నెలల తరబడి తారు పూసి, కాన్సర్ పుట్టించి చూపించారు. తారులో ఉన్న దోషి పదార్థాల్లో బెంజోపైరీన్ ఒకటని 1930ల్లో తేలింది. అదే పదార్థం చుట్ట పొగలో, బీడీ పొగలో, సిగరెట్టు పొగలో కూడా ఉంది. గుట్కాలో, నమిలే పొగాకులో వేరే కాన్సర్ రసాయనాలు ఉన్నాయి. ఆళ్లగడ్డ బస్టాండులో రంగు పొట్లాలు కొని జేబులో దాచుకునేవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రసాయనం కాన్సర్‌ని తెస్తుందని తెలిసింది సరే. రసాయనంతో దాన్ని తగ్గించవచ్చా? అప్పటిదాకా కాన్సర్‌కి చేసేది రెండే. కోసి తీసేయడం, కిరణాలతో కాల్చడం. పుండు ఒకచోట ఉంటే కోస్తారు. రక్త కాన్సర్‌లో జబ్బు ఒంటినిండా తిరుగుతూ ఉంటుంది. దేన్ని కోస్తారు? ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, కొన్ని నెలలకే పోయేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, విషవాయువు జాతికి చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ని 1942లో అమెరికాలో కొందరు రోగులకి ఇచ్చి చూశారు. గడ్డలు కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చాయి. దారి ఉందని మాత్రం తెలిసింది.

కాడికి కట్టిన రాతి నంది

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవాడు. రక్తహీనతకి ఫోలిక్ ఆసిడ్ పనిచేస్తే, రక్త కాన్సర్‌కీ పనిచేస్తుందేమోనని, సుబ్బారావుగారి ప్రయోగశాల పంపిన ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాల్ని ఆ పిల్లలకి ఇచ్చి చూశాడు. జరిగింది తలకిందులు. జబ్బు తగ్గకపోగా ఇంకా జోరుగా పెరిగినట్టు కనిపించింది.

ఇక్కడ వేరేవాళ్లయితే మందు పనిచేయలేదని మూట కట్టి పక్కన పెట్టేవాళ్లేమో. వీళ్లు అలా చేయలేదు. ఫోలిక్ ఆసిడ్‌తో కాన్సర్ కణం పెరుగుతోందంటే, దానికి ఫోలిక్ ఆసిడ్ ఆహారమన్నమాట. మరి ఆ ఆహారం అందకుండా చేస్తే?

ఎలా చేస్తారో మన ఊరి ఉదాహరణతో చెప్తాను. నంద్యాల చుట్టూ నవనందులు ఉన్నాయి. ఆళ్లగడ్డలో శిల్పులు రాతితో నందిని చెక్కితే, కొమ్ములు, మూపురం, గంగడోలు అన్నీ నిజం ఎద్దుకి ఉన్నట్టే ఉంటాయి. కానీ అది దుక్కి దున్నదు. ఇప్పుడు ఒక రైతు చీకట్లో తెలియక ఆ రాతి నందిని తెచ్చి కాడికి కట్టాడనుకోండి. నాగలి కదలదు. కాడి ఖాళీ లేదు కాబట్టి నిజం ఎద్దుని కట్టడానికీ లేదు. సేద్యం ఆగిపోతుంది.

మన కణంలో కాడి లాంటిది ఒక ఎంజైము. ఎద్దు లాంటిది ఫోలిక్ ఆసిడ్. ఒక కణం రెండు కావాలంటే ముందు తన జన్యు పదార్థాన్ని ఇంకో ప్రతి తయారుచేసుకోవాలి. ఆ దుక్కి దున్నడానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. సుబ్బారావుగారి బృందంలో డోరిస్ సీగర్ మొదలైన రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ ఆసిడ్ అణువులో ఆక్సిజన్ ఉన్న ఒక చిన్న ముక్క తీసి, దాని చోట నత్రజని ఉన్న చిన్న ముక్క పెట్టారు. చూడ్డానికి అచ్చం ఫోలిక్ ఆసిడే. పని మాత్రం చేయదు. ఎంజైముని పట్టుకొని వదలదు. దీని పేరు అమినోప్టెరిన్.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ ఈ మందుని మొదటిసారి రక్త కాన్సర్ ఉన్న చిన్న పిల్లవాడికి ఇచ్చాడు. రోజుల్లోనే పిల్లవాడు తేరుకోవడం మొదలైంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించాడు. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఇక్కడ నిజం దాచకూడదు. ఆ తగ్గుదల కొన్ని నెలలే నిలిచింది. జబ్బు తిరిగి వచ్చింది. అదీకాక ఈ మందు మంచి కణాల్ని కూడా దెబ్బతీస్తుంది. నోట్లో, పేగుల్లో, వెంట్రుకల మొదళ్లలో కణాలు వేగంగా పెరుగుతుంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. కాన్సర్ మందు వాడేవాళ్లకి నోరు పొక్కడం, జుట్టు ఊడటం అందుకే. అయినా ఆ కొన్ని నెలలు చాలా గొప్పవి. తగ్గించవచ్చని తెలిసింది. తగ్గించవచ్చని తెలిశాక, పూర్తిగా ఎలా తగ్గించాలన్నది తర్వాతివాళ్ల పని అయింది.

అమినోప్టెరిన్‌కి తమ్ముడి లాంటి మందు మెథోట్రెక్సేట్. అదీ అదే ప్రయోగశాలలో పుట్టింది. కొంచెం భద్రమైనది. 1956లో గర్భసంచికి వచ్చే ఒక రకం కాన్సర్‌ని ఒక్క ఈ మందుతోనే పూర్తిగా నయం చేయగలిగారు. ఇవాళ ధనిక దేశాల్లో రక్త కాన్సర్‌లో ముఖ్యమైన రకం వచ్చిన పిల్లల్లో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. వాళ్లకిచ్చే నాలుగైదు మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి కూడా డాక్టర్లు దీన్ని కొద్ది మోతాదులో వారానికి ఒకసారే ఇస్తారు. దెబ్బ తగలకుండా తోడు ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు. రాతి నందీ ఆ కొట్టంలోదే, నిజం ఎద్దూ ఆ కొట్టంలోదే!

బోదకాలు మందు

గోదావరి ప్రాంతంలో బోదకాలు ఎక్కువ. కాళ్లు ఏనుగు కాళ్లలా వాచిపోయినవాళ్లని సుబ్బారావుగారు చిన్నప్పటినుంచి చూసే ఉంటారు. ఆ జబ్బు దోమకాటుతో వచ్చే పురుగుల వల్ల వస్తుంది. 1947లో ఆయన ప్రయోగశాల దానికీ మందు తెచ్చింది. దాని పేరు డి.ఇ.సి. అంటే డైఇథైల్‌కార్బమజైన్. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఊరంతటికీ కలిపి ఇచ్చిన మాత్ర అదే.

తిరిగి రాని ప్రయాణం

1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో, ఒక రాత్రి నిద్రపోయిన సుబ్బారావుగారు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయింది. వయసు 53 ఏళ్లు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. మనకి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. ఓడెక్కి వెళ్లిన మనిషి ఒక్కసారి కూడా ఇండియాకి తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. పరిశోధన గొప్పదని చెప్పుకునేటప్పుడు దాని ఖరీదు కట్టినవాళ్లలో ఆమె కూడా ఉందని మనం మరిచిపోకూడదు.

1946లో అమెరికా చట్టం మార్చి, భారతీయులు ఆ దేశపు పౌరులు కావచ్చంది. అయినా ఆయన ఆ పౌరసత్వం తీసుకోకుండానే, మనవాడిగానే కన్నుమూశారు.

ఆయనకి నోబెల్ బహుమతి రాలేదు. పేరు కోసం ఆయన ముందుకి తోసుకుపోలేదు. కాగితాల మీద పేరు సాధారణంగా ప్రయోగం చేసినవాళ్లదే ఉండేది. ఆయనతో పనిచేసిన సంస్థలోని శాస్త్రవేత్త ఒకరు 1953లో కొత్తగా దొరికిన ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో ఆయన పుట్టి నూరేళ్లయిన సందర్భంగా మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మనకి ఇందులో ఏముంది?

మన గూడేల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆళ్లగడ్డకి, అక్కడ కుదరకపోతే నంద్యాలకి, అదీ దాటితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతాం. చాలాసార్లు ఆలస్యంగా తీసుకుపోతాం. పిల్లల్లో ముఖం పాలిపోవడం, విడవని జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, ఇలాంటివి కనిపిస్తే దాచుకోకుండా ఏ.ఎన్.ఎం. అక్కకి చెప్పాలి. అన్నీ కాన్సర్ కావు, చాలావరకు మామూలు రక్తహీనతే. కానీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఒకప్పుడు మందే లేదు. ఇప్పుడు ఉంది. ఉన్న మందు అందకపోవడం ఆ రోజులకంటే పెద్ద అన్యాయం.

ఇంకో మాట. సుబ్బారావుగారికి ఒక ఆకు మందు పనిచేసింది. ఎందుకు పనిచేసిందని అడగడంతో ఆయన ప్రయాణం మొదలైంది. నల్లమలలో మన తాతలకి, అవ్వలకి తెలిసిన ఆకులు, వేర్లు ఎన్నో ఉన్నాయి. ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది చేయదు, చేస్తే అందులో ఏ పదార్థం చేస్తుంది అని ప్రయోగశాలలో తేల్చేవాళ్లు కావాలి. 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మన బెంచీల మీద కూర్చునేవాళ్లు ఆ గేటులోకి రోగుల్లాగానే పోవాలా? చదువుకోడానికి కూడా పోవచ్చు.

పదో తరగతి తప్పిన అన్నలు, అక్కలు మీ గూడెంలో ఉంటే, ఈ కథ వాళ్లకి చెప్పండి. సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో సార్‌ని అడిగి, ఆ తేదీ కూడా చెప్పండి.